విరాళాలతో ఊరికి మంచినీళ్ళ ప్లాంటు ఎలా పెట్టాలి: బోరు నీటి పరీక్ష మొదలు మూడో ఏడు మెంబ్రేన్ మార్చేదాకా

సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చినవారి నుంచి ఏటా ఒకే ప్రశ్న వస్తుంది: "మా ఊళ్ళో నీళ్ళు బాగాలేవు, నలుగురం కలిసి ప్లాంటు పెట్టిద్దామనుకుంటున్నాం, ఎంతవుతుంది?" హైదరాబాదు నుంచి అడిగేవారైనా, డాలస్ నుంచి అడిగేవారైనా ధరతోనే మొదలుపెడతారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: నీళ్ళు పరీక్ష చేయించారా? చాలామంది చేయించి ఉండరు. యంత్రం కొనడం ఈ పనిలో అన్నిటికన్నా తేలికైన భాగం. ప్రారంభోత్సవమైన మూడేళ్ళకు కూడా అది రోజూ ఉదయం ఆరింటికి తెరుచుకునేలా చూడడమే కష్టం. అందుకే ఇక్కడ యంత్రం గురించి తక్కువగాను, దానికి ముందూ తరువాతా చేయవలసిన పనుల గురించి ఎక్కువగాను రాస్తున్నాను.

ఉదాహరణకు 300 ఇళ్ళున్న ఊరిని తీసుకుందాం. బోరు నీటిలో ఉప్పులూ ఫ్లోరైడూ రెండూ ఎక్కువే అనుకుందాం. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు, ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి వైపు ఇటువంటి నీళ్ళను "ఫ్లోరిన్ నీళ్ళు" అంటారు. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్ళూ ఎముకలూ చెడే జబ్బు) గురించిన తొలి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది. పళ్ళ మీద గోధుమరంగు గార, వంగిన నడుములు, ముడుచుకోలేని మోకాళ్ళు చూసి పెరిగినవారికి ఈ సమస్యను వేరే వివరించనక్కరలేదు.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి చేయించిన నీటి పరీక్ష ఫలితాలు
- గ్రామ పంచాయతీ తీర్మానం ప్రతి, స్థలానికి రాతపూర్వకమైన ఒప్పందం
- మే నెలలో కూడా ఎండిపోని బోరు
- త్రీఫేజు కరెంటు, మంచి ఎర్తింగు
- విరాళాలు చట్టబద్ధంగా తీసుకోగల ట్రస్టు లేదా సొసైటీ
- ఊళ్ళోనే నివసించే ఆపరేటరు, ఆయన లేనిరోజు నడిపే మరొకరు
- యంత్రం ఖర్చు కాకుండా, కనీసం ఏడాది నిర్వహణకు సరిపడే డబ్బు విడి ఖాతాలో

చివరిది లేకపోతే మిగిలినవన్నీ ఉన్నా మొదలుపెట్టకండి.

1. ఊరికి ఇప్పటికే వస్తున్న నీటిని చూడండి

తెలంగాణలో మిషన్ భగీరథ 2016లో మొదలై నల్లగొండ ఊళ్ళకు కృష్ణా నీటిని తెచ్చింది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జల్ జీవన్ మిషన్ లక్ష్యం ఇంటింటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు. మీ ఊరికి నది నీరు శుద్ధి అయి వస్తున్నట్లయితే దానిలో ఫ్లోరైడ్, ఉప్పులు సాధారణంగా సమస్య కావు, అటువంటి నీటిని మళ్ళీ ఆర్వో యంత్రంలో (ఒత్తిడితో నీటిని మెంబ్రేన్ అనే సన్నటి పొర గుండా పంపి ఉప్పులను వేరుచేసేది) పోసి సగం పారబోయడం డబ్బూ నీరూ రెండూ దండగ. అక్కడ చెడిపోయేది చివరి అంచెలోనే: కడగని ఓవర్‌హెడ్ ట్యాంకు, మురుగు కాలువలో మునిగిన పైపు, పగిలిన వాల్వు, బ్లీచింగ్ వేయని రోజులు.

కాబట్టి తెల్లవారుజామున కొళాయి వదిలే వేళకు ఊరి చివరి ఇంటికి వెళ్ళి నిలబడండి. నీరు వస్తున్నదా, ఎంతసేపు వస్తున్నది, మొదటి బిందె రంగు ఏమిటి అన్నది కళ్ళతో చూడండి. లోపం పైపుల్లోనే ఉంటే మీ విరాళాన్ని పైపుల మరమ్మతుకు, ట్యాంకు శుభ్రతకు, క్లోరినేషను పరికరానికి మళ్ళించండి. దానికి శిలాఫలకం ఉండదు, అయినా ఎక్కువ ఇళ్ళకు మేలు చేసేది అదే. "భగీరథ నీళ్ళు చప్పగా ఉన్నాయి, ఫిల్టర్ నీళ్ళే తియ్యగా ఉంటాయి" అని ఊళ్ళోవారు అనవచ్చు. రుచి వేరు, సురక్షితం వేరు. వారి మాట కొట్టిపారేయకండి గాని, దాని మీదే నిర్ణయమూ తీసుకోకండి.

2. నమూనాను సరిగా పట్టండి

ఇక్కడి పొరపాటు చివరిదాకా వెంటాడుతుంది. రసాయన పరీక్షకు రెండు లీటర్ల శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది గనుక గాజు సీసా వద్దు, వాసన వదలని కూల్‌డ్రింకు సీసా అసలే వద్దు. మోటారు వేసి పది పదిహేను నిమిషాలు నీటిని వదిలేసి, అదే నీటితో సీసాను మూడుసార్లు తొలిచి, నిండా పట్టి, మూత బిగించి, బోరు ఉన్న చోటు, తేదీ, వేళ చీటీ మీద రాసి అంటించండి.

సూక్ష్మజీవుల పరీక్షకు ప్రయోగశాలవారే శుద్ధిచేసిన సీసా ఇస్తారు. దాన్ని తొలవకూడదు, మూత లోపలి వైపు వేలు తగలకూడదు. కొళాయి మూతిని మంటతో కాల్చి, కాసేపు నీరు వదిలి, అప్పుడు పట్టి, ఐసు పెట్టెలో ఉంచి వీలైతే ఆరు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా ఇరవై నాలుగు గంటల్లోపు అందజేయాలి. శనివారం సాయంత్రం పట్టిన నమూనా సోమవారం దాకా బండి డిక్కీలో ఉంటే ఆ ఫలితానికి విలువ లేదు.

గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాల్లో ప్రయోగశాలలు ఉన్నాయి. ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రైవేటు ప్రయోగశాలలోనైనా చేయించవచ్చు. యంత్రం అమ్మేవారు ఉచితంగా చేసిపెడతామనే పరీక్ష మీద మాత్రం ఆధారపడకండి, వారి చేతిలో ఉండేది టీడీఎస్ మీటరు ఒక్కటే. అది నీటిలో కరిగిన ఉప్పుల మొత్తాన్ని అంచనాగా చూపుతుంది. ఫ్లోరైడ్ ఎంతో, నైట్రేటు ఎంతో, సూక్ష్మజీవులు ఉన్నాయో లేవో దానికి తెలియదు. టీడీఎస్ 450 ఉన్న నీటిలో ఫ్లోరైడ్ హద్దుకు రెట్టింపుగా 3 ఉండవచ్చు, టీడీఎస్ 90 ఉన్న నీటిలో విరేచనాలు తెప్పించే క్రిములు ఉండవచ్చు.

3. ఫలితాన్ని చదివి పద్ధతిని నిర్ణయించండి

తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500, 2012లో సవరించినది. మీకు అవసరమైన అంకెలు ఇవి (లీటరుకు మిల్లీగ్రాములలో):

- కరిగిన ఉప్పులు, అంటే టీడీఎస్: 500 లోపు మంచిది, వేరే ఆధారం లేకపోతే 2,000 దాకా
- ఫ్లోరైడ్: 1.0 లోపు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా
- నైట్రేటు: 45, ఆ పైన సడలింపు లేదు
- కాఠిన్యం: 200 లోపు మంచిది, 600 దాకా
- పీహెచ్: 6.5 నుంచి 8.5
- ఈ.కోలై (నీటిలో మలం కలిసిందని తెలిపే క్రిమి): 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు

ఇప్పుడు నిర్ణయం. ఉప్పులు, ఫ్లోరైడ్, నైట్రేటు హద్దుల్లో ఉండి క్రిములు మాత్రమే కనిపిస్తే మీకు ఆర్వో అక్కరలేదు, క్లోరినేషను చాలు. మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన, అంటే పదివేల లీటర్ల ట్యాంకుకు 25 గ్రాములతో మొదలుపెట్టి, అరగంట తరువాత క్లోరోస్కోపుతో చూడండి. చివరి కొళాయి దగ్గర మిగిలిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. లేకపోతే మోతాదు కాస్త పెంచి మళ్ళీ చూడండి. పౌడరును తొట్టిలో పొడిగా చల్లకండి. బకెట్టులో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయండి. మూత తీసి ఉంచిన బస్తాలోని పౌడరుకు కొద్ది వారాల్లోనే పస పోతుంది.

ఉప్పులు తక్కువగా ఉండి ఫ్లోరైడ్ ఒక్కటే ఎక్కువైతే రెండు దారులున్నాయి. మొదటిది నాగపూరులోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతి. ఇందులో పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి, కలియబెట్టి, తేరనిచ్చి వడపోస్తారు. ఖర్చు తక్కువ, కాని పటిక మోతాదు నీటిని బట్టి మారుతుంది, అడుగున మిగిలే మడ్డిని ఎక్కడ పారవేయాలన్నది తేలాలి, రోజూ ఓపికగా చేసే మనిషి కావాలి. రెండోది ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల గుండా నీటిని పంపడం. దీనికి కొంతకాలానికి ఒకసారి క్షారంతోను, తరువాత ఆమ్లంతోను పునరుద్ధరణ చేయాలి. అది తెలిసిన మనిషి దగ్గరలో లేకపోతే ఈ దారి పట్టకండి. ఉప్పులూ ఫ్లోరైడూ రెండూ ఎక్కువైతేనే, లేదా నైట్రేటు హద్దు మీరితేనే, ఆర్వో వైపు చూడండి.

ఊళ్ళో తప్పకుండా చెప్పవలసిన హెచ్చరిక ఒకటుంది: కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడూ నైట్రేటూ పోవు, నీరు ఆవిరైన కొద్దీ అవి చిక్కనవుతాయి. మరొకటి, ఫ్లెక్సీల మీద "ఈ నీళ్ళు తాగితే కీళ్ళ నొప్పులు పోతాయి, కిడ్నీ జబ్బులు రావు" అని రాయించకండి. ముదిరిన ఎముకల ఫ్లోరోసిస్ నీరు మార్చినంత మాత్రాన నయం కాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా నిర్ధారణగా తేలలేదు. ఇవ్వగలిగిన మాటే ఇవ్వండి.

4. డబ్బు ఏ దారిన రావాలో తేల్చండి

విదేశాల్లో ఉన్నవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనను మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. కాని అమెరికా పౌరసత్వమో మరొకటో తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం దృష్టిలో విదేశీ దాతలే. వారి డబ్బు ఆ చట్టం కింద నమోదైన సంస్థకే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఆ సంస్థకున్న ప్రత్యేక ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తరువాత, అలా తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పని తానే చేయాలి. కాబట్టి "ముందు మా బావమరిది ఖాతాలో వేస్తాం, ఆయన సర్దుతాడు" అన్నది సాయం కాదు, ఆ బావమరిదికి తంటా. వాట్సాప్ గుంపులో విరాళాలు అడగడానికి ముందే ఎవరు ఏ పాస్‌పోర్టు మీద ఉన్నారో రెండు జాబితాలు రాసుకోండి.

ఊళ్ళో సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఇప్పటికే నడుస్తున్న నమ్మకమైన సంస్థ ఉంటే దానితో కలవడమే మేలు. ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి, అందులో ఒకరు ఊళ్ళోనే ఉండేవారై ఉండాలి. పన్ను మినహాయింపు కోరే దాతల దగ్గర 2,000 రూపాయలు మించి నగదు తీసుకోకండి. వచ్చిన ప్రతి రూపాయి, పెట్టిన ప్రతి రూపాయి ప్లాంటు గోడ మీద నెలనెలా రాయించండి. ఊళ్ళో అనుమానం ఒకసారి పుడితే ఎన్ని రసీదులు చూపినా పోదు.

5. పంచాయతీ తీర్మానం, స్థలం, బోరు, కరెంటు

స్థలం పంచాయతీదైతే గ్రామసభలో తీర్మానం చేయించి, పంచాయతీ కార్యదర్శి సంతకంతో ప్రతి తీసుకోండి. దానిలో నాలుగు విషయాలు ఉండాలి: స్థలం ఎన్నేళ్ళకు ఇస్తున్నారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు, ధర ఎవరు నిర్ణయిస్తారు, సర్పంచి మారినా ఒప్పందం నిలుస్తుందా. దాత సొంత స్థలంలో కడితే తరువాతి తరం అన్నదమ్ముల పంపకాల్లో ప్లాంటు చిక్కుకుంటుంది, అటువంటప్పుడు స్థలాన్ని రాసి ఇప్పించుకోవాలి. గుడి ఆవరణలోనో, ఒక వాడకు మాత్రమే దగ్గరగానో పెట్టకండి. ఎస్సీ కాలనీ ఆడవాళ్ళు బిందె పట్టుకుని సంకోచం లేకుండా వచ్చి నిలబడగలిగే చోటా కాదా అన్నది వారినే అడగండి, వారి తరఫున వేరెవరూ చెప్పకూడదు.

కొత్త బోరు వేయాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం అనుమతి కావాలి. పాత బోరు వాడుకుంటే మే నెలలో మూడు గంటలు ఏకబిగిన మోటారు నడిపించి, గంటగంటకూ ఒక బకెట్టు నిండడానికి పట్టే సెకన్లు లెక్కించండి. మూడో గంటకు ధార సన్నబడితే ఆ బోరు చాలదు.

6. సామర్థ్యాన్ని లెక్కించండి

ఇక్కడ తాగడానికీ వండడానికీ కావలసిన నీటినే లెక్కించండి. ఇంటికి రోజుకు ఒక 20 లీటర్ల క్యాను అనుకుంటే 300 ఇళ్ళకు 6,000 లీటర్లు. గంటకు 1,000 లీటర్ల యంత్రం ఆరేడు గంటలు నడిస్తే సరిపోతుంది. ముందుచూపు పేరుతో 2,000 లీటర్ల యంత్రం కొంటే అది రోజుకు మూడు గంటలే నడిచి మిగతా వేళంతా నిలిచి ఉంటుంది. నిలిచిన మెంబ్రేనులో బూజు పెరుగుతుంది. పెళ్ళిళ్ళకూ పండగలకూ యంత్రం పరిమాణం పెంచకండి, శుద్ధిచేసిన నీటి ట్యాంకు పరిమాణం పెంచండి.

సుమారు సగం నీరే శుద్ధమై వస్తుంది గనుక రోజుకు 12,000 లీటర్ల బోరు నీరు కావాలి, 6,000 లీటర్ల చిక్కటి ఉప్పునీరు బయటకు పోతుంది. ఆ నీరు ఎక్కడికి పోతుందో చెప్పలేకపోతే ప్లాంటు పెట్టకండి.

7. కొటేషన్లు అడిగే తీరు

మీ పరీక్ష ఫలితం జతచేసి ముగ్గురిని అడగండి. ఒకే జాబితా ముగ్గురికీ ఇవ్వండి, లేకపోతే ధరలు పోల్చడం కుదరదు. జాబితాలో ఉండవలసినవి: 5,000 లీటర్ల ముడినీటి ట్యాంకు, ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, యాంటీస్కేలెంట్ (మెంబ్రేను మీద పెచ్చు కట్టకుండా ఆపే మందు) డోసింగు పంపు, 5 మైక్రాన్ల వడపోత కాట్రిడ్జి, హైప్రెషర్ పంపు, నాలుగు అంగుళాల వ్యాసం, నలభై అంగుళాల పొడవు ఉన్న మెంబ్రేన్లు (ఒక్కొక్కటి గంటకు సుమారు 250 లీటర్లు ఇస్తుంది గనుక నాలుగు), శుద్ధజలానికీ వృథా నీటికీ విడివిడిగా ప్రవాహ మీటర్లు, కాట్రిడ్జికి ముందూ వెనుకా, మెంబ్రేన్లకు ముందూ వెనుకా ప్రెషర్ గేజీలు, క్రిములను చంపే యూవీ దీపం, స్టీలు ట్యాంకు.

ధర తగ్గించమంటే మొదట ఎగిరిపోయేవి గేజీలూ మీటర్లూ. అవి లేని యంత్రం స్పీడోమీటరు లేని బస్సు వంటిది, ఎందుకు చెడిందో ఎవరూ చెప్పలేరు. వదులుకోవలసి వస్తే గోడ పలకలు వదులుకోండి.

భగీరథ నీటిని గాని, క్లోరిన్ కలిపిన ఏ నీటిని గాని ముడినీటిగా వాడితే కార్బన్ ఫిల్టరు విషయంలో రాజీ పడకండి, క్లోరిన్ మెంబ్రేనును తినేస్తుంది. ఒప్పందంలో మెంబ్రేను తయారీదారు పేరు, సీరియలు నంబరు, మరమ్మతుకు ఎన్ని గంటల్లో వస్తారు, రాకపోతే ఏమిటి అన్నవి రాయించండి. చివరి పది శాతం డబ్బును 90 రోజులు నడిచాకే చెల్లించండి.

8. వృథా నీటికి ముందే దారి చూపండి

నేను కళ్ళారా చూసిన ఒక ప్లాంటులో వృథా నీటి పైపును పక్కనే ఉన్న ఇంకుడు గుంతలో వదిలారు. నీరు ఇంకుతున్నది, భూగర్భజలం పెరుగుతున్నదని అందరూ సంతోషించారు. రెండు వేసవులు గడిచేసరికి అదే బోరు టీడీఎస్ 1,100 నుంచి 1,900కు చేరింది. ఊరి నీటిని ఊరే చెడగొట్టుకున్నట్లయింది. ఉప్పూ ఫ్లోరైడూ రెట్టింపైన నీరు అది, బోరు దగ్గరి గుంతలోకీ, పశువుల తొట్టిలోకీ, కూరగాయల మడిలోకీ పోకూడదు. బడి మరుగుదొడ్లకు, బండ్లు కడగడానికి, సిమెంటు రోడ్డు మీద దుమ్ము అణచడానికి వాడవచ్చు. మిగిలినదానిని ఊరికి దిగువన, తాగునీటి ఆధారాలకు దూరంగా, నిండినా పొంగని ఆరుబయటి గుంతకు పైపు ద్వారా పంపి ఎండనివ్వండి. ఆ గుంత అడుగును గట్టిపరచాలి. ఈ పైపు ఖర్చు కొటేషన్లలో ఉండదు, మీరే కలుపుకోండి.

9. నెల లెక్క, ఆపరేటరు

ఉచితంగా ఇద్దామన్న కోరిక మంచిదే గాని నాలుగో నెలలో కరెంటు బిల్లు ఆ కోరికను ఆపేస్తుంది. ఒక ఉదాహరణ లెక్క చూడండి, మీ ఊరి అంకెలు వేసుకుని తిరిగి కట్టండి. 300 ఇళ్ళున్నా మొదట్లో రోజుకు 150 క్యాన్లే పోతాయనుకోండి. క్యాను 5 రూపాయలైతే నెలకు 22,500 రాబడి. ఆపరేటరుకు 9,000, కరెంటు 600 యూనిట్లకు 8 రూపాయల చొప్పున 4,800, కాట్రిడ్జీలు, యాంటీస్కేలెంట్ 1,800, పరీక్షలు, శుభ్రత 700, మొత్తం 16,300. మిగిలే 6,200లో కనీసం 3,000 మెంబ్రేను, మోటారు నిధికి వెళ్ళాలి. ఆ నిధిని ముట్టుకోవడానికి ఇద్దరి సంతకాలు, కమిటీ తీర్మానం రెండూ కావాలి. నిరుపేద ఇళ్ళకు, ఒంటరి వృద్ధులకు ఉచిత కార్డులు ఇవ్వండి, కాని వాటి సంఖ్య లెక్కలో కనిపించాలి.

ఆపరేటరుగా పదో తరగతి చదివి, ఊళ్ళోనే ఉండి, మోటారు స్టార్టరు తెలిసిన మనిషి చాలు. మహిళా సంఘం సభ్యులు ఇద్దరు వంతులవారీగా నడిపిన చోట క్యాన్లు శుభ్రంగా ఉండడం, డబ్బు సాయంత్రానికి లెక్క తేలడం నేను గమనించాను. జీతం గౌరవ వేతనమని పేరు పెట్టి ఎగ్గొడితే మూడో నెలలో తాళం పడుతుంది.

10. మొదటి రోజు, ఆ తరువాత ప్రతి రోజూ

కొత్త మెంబ్రేన్లలో నిల్వకు వాడిన రసాయనం ఉంటుంది, మొదటి గంటసేపు వచ్చిన నీటిని పారబోయండి. మంత్రిగారి చేతికి ఇచ్చే గ్లాసుకూ ఇదే వర్తిస్తుంది. తరువాత శుద్ధజలాన్ని అదే ప్రయోగశాలకు పంపి ఫ్లోరైడ్, నైట్రేటు, సూక్ష్మజీవుల పరీక్ష చేయించి, ఫలితం వచ్చాకే జనానికి ఇవ్వండి. ప్రారంభోత్సవం తేదీని ఆ తరువాతే పెట్టుకోండి.

ఆపరేటరు పుస్తకంలో రోజూ రాయవలసినవి: ముడినీటి టీడీఎస్, శుద్ధజలం టీడీఎస్, నాలుగు గేజీల అంకెలు, రెండు ప్రవాహాలు, కరెంటు మీటరు, అమ్మిన క్యాన్లు. ఈ అంకెలను ఇలా చదవాలి:

- ముడినీరు 1,400, శుద్ధజలం 90 అయితే తొలగింది 1,310, అంటే దాదాపు 94 శాతం. ఇది 90 శాతానికి దిగితే మెంబ్రేను కడగాలి, కడిగినా పెరగకపోతే మార్చాలి.
- కాట్రిడ్జికి ముందూ వెనుకా గేజీల తేడా కొత్తదానితో పోలిస్తే బాగా పెరిగితే కాట్రిడ్జి మార్చాలి. ఇటుకరంగుకు తిరిగినదాన్ని కడిగి మళ్ళీ పెట్టకండి.
- శుద్ధజలం ప్రవాహం, శుద్ధజలం వృథానీరు కలిపిన మొత్తంలో సగానికి అటూఇటూగా ఉండాలి. వృథానీరు తగ్గించడానికి వాల్వు బిగించి 70 శాతం లాగితే మెంబ్రేను మీద సున్నపు పెచ్చు కట్టి ఏడాదిలోపే పోతుంది.
- టీడీఎస్ 20కి దించి గొప్ప చెప్పుకోకండి. ఫ్లోరైడ్ హద్దులో ఉండేంతవరకు కొద్దిగా ముడినీరు కలిపి 100, 150 మధ్య ఉంచవచ్చు, కాని కలిపే నీరు కూడా వడకట్టి యూవీ దాటినదై ఉండాలి, కలిపాక ఫ్లోరైడ్ మళ్ళీ చూడాలి.

రోజూ ఇసుక ఫిల్టరును పది నిమిషాలు వెనక్కి కడగాలి. నెలకోసారి హెచ్‌టుఎస్ సీసాలో (మలం కలిసిన నీటిని పట్టించే పరీక్ష ఇది) గీత దాకా నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచండి, నల్లబడితే అమ్మకం ఆపి ట్యాంకు కడగండి. ఫ్లోరైడ్‌ను మూడు నెలలకోసారి ప్రయోగశాలలో చూపించండి.

ఒక ఊళ్ళో నేను పుస్తకం తిరగేస్తే శుద్ధజలం వరుసలో 72, 72, 72 అని నలభై రోజులు ఒకే అంకె, ఒకే పెన్ను, ఒకే వాలు కనిపించాయి. మీటరు బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, ఆపరేటరు భయంతో పాత అంకెనే దించుకుంటూ పోయాడు. వేరే మీటరుతో చూస్తే 310. తప్పు అతనిది అనలేను, ఆ నలభై రోజుల్లో పుస్తకం తెరిచి చూసినవారు ఎవరూ లేరు. కాబట్టి వారానికోసారి ఎవరో ఒకరు, దూరాన ఉన్న దాత అయినా సరే, మీటరునూ నీటి గ్లాసునూ కలిపి తీసిన ఫోటో తెప్పించుకోవాలి.

11. క్యాను నుంచి గ్లాసు దాకా

ఆర్వో నీటిలో క్లోరిన్ ఉండదు, కాబట్టి ప్లాంటులో ఎంత శుద్ధంగా ఉన్నా మురికి క్యానులో పడగానే క్రిములు పెరగడానికి అడ్డేమీ లేదు. క్యాను లోపలికి టార్చి వేసి చూడండి, అడుగు మూలల్లో పచ్చటి పాకుడు కనిపిస్తుంది. వారానికోసారి చిటికెడు బ్లీచింగ్ కలిపిన నీటితో గిలకొట్టి, అరగంట ఉంచి, బాగా తొలవమని చెప్పండి. ఇసుక వేసి రుద్దితే గీతలు పడి పాకుడు ఇంకా పట్టుకుంటుంది. ఎండలో పెట్టవద్దని, చేయి ముంచకుండా కాడ ఉన్న గరిటెతోనో కొళాయితోనో తీసుకోమని చెప్పండి. నీళ్ళు రెండు రోజులకు మించి నిల్వ ఉంచకూడదు.

అన్నానికీ పప్పుకీ కూడా ఈ నీరే వాడాలని ప్రత్యేకంగా చెప్పాలి. తాగడానికి ప్లాంటు నీరు, వంటకు బోరు నీరు వాడే ఇంట్లో ఫ్లోరైడ్ వచ్చే దారిని సగమే మూసినట్లు. బడిలో మధ్యాహ్న భోజనానికి, అంగన్‌వాడీకి ఉచితంగా ఇచ్చేలా మొదటి ఒప్పందంలోనే రాయించండి, పళ్ళు ఏర్పడే వయసు పిల్లలు ఉండేది అక్కడే.

ఊళ్ళో ఇప్పటికే మూతపడిన ప్లాంటు ఉంటే

కొత్తది కొనేముందు దాని తాళం తీయించండి. శిలాఫలకం మీద పేర్లు ఎవరివైనా యంత్రం ఊరిదే. ముందుగా ఎందుకు ఆగిందో తెలుసుకోండి: బిల్లు బకాయా, బోరు ఎండిందా, ఆపరేటరు వెళ్ళిపోయాడా, కమిటీలో తగవా. బకాయి, తగవు తీరకుండా యంత్రం బాగుచేస్తే మళ్ళీ ఆగుతుంది. తరువాత ట్యాంకులు, గది, పైపులు, పంపులు చూడండి, ఇవి సాధారణంగా పనికివస్తాయి. ఇసుక, కార్బన్ మార్చండి, కాట్రిడ్జి మార్చండి, యూవీ దీపం వెలిగినా సరే పాతదైతే మార్చండి. వెలుగు కనిపించినంత మాత్రాన క్రిములను చంపే శక్తి ఉన్నట్లు కాదు. మెంబ్రేన్లను విప్పి చూడండి. తడి ఆరిపోయి నెలల తరబడి పడి ఉన్నవి చాలాసార్లు పనికిరావు. అయినా ఒకదాన్ని గొట్టంలో బిగించి గంట నడిపి, ముడినీటి టీడీఎస్‌నూ వచ్చిన నీటి టీడీఎస్‌నూ పక్కపక్కన రాసి చూడండి. తొలగిన ఉప్పులు 90 శాతం దాటితే నాలుగూ కడిగించండి, దాటకపోతే నాలుగూ మార్చండి. ఒకటో రెండో మార్చి సరిపెడితే పాతవాటి గుండా వచ్చే ఉప్పునీరు కొత్తవాటి నీటిలో కలిసిపోతుంది.